నా కేస్ స్టడీ ఇంకో కాలేజీలో వాడారు, అక్కడే దొరికిపోయాను. పాఠాలు పంచుకోవడం మీరెలా చేస్తున్నారు?

నాగావళి గట్టు, శ్రీకాకుళం

నమస్కారమండి. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చెప్పేవాళ్ళు, ఫీల్డ్‌వర్క్ చూసేవాళ్ళు, చదువుతున్న పిల్లలు ఎవరున్నా ఓపిగ్గా చదివి సలహా చెప్పండి. కొంచెం పొడుగు పోస్టు.

నేను శ్రీకాకుళంలో ఒక కాలేజీలో ఆరేళ్ళుగా గెస్ట్ ఫ్యాకల్టీని. అంతకుముందు నాలుగేళ్ళు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఉద్దానంలో కిడ్నీ రోగుల ఇళ్ళకి తిరిగాను. కవిటి, సోంపేట, కంచిలి అన్నీ స్కూటీ మీదే. అందుకే కేస్ వర్క్ గురించి నోరు తెరిస్తే నాకు ఉద్దానమే వస్తుంది.

మన సబ్జెక్టుకి నెట్‌లో పాఠాలు లేవని కాదు. యూజీసీ వాళ్ళ ఈ-పీజీ పాఠశాలలో సోషల్ వర్క్ ఉంది. ఇగ్నో మెటీరియల్ ఈజ్ఞానకోశ్‌లో దొరుకుతుంది. మంచివే, నేనూ అవి చూసుకునే క్లాసుకి వెళ్తాను. కానీ మా క్లాసులో 18 మంది ఉంటే 11 మంది డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఎంపతీ (ఎదుటివాళ్ళ మనసుని వాళ్ళ చోట నిలబడి అర్థం చేసుకోవడం) అంటే ఏమిటో పరీక్షలో అర పేజీ రాస్తారు. ఫీల్డ్‌కి తీసుకెళ్తే ఎదురుగా ముసలావిడ కళ్ళు తుడుచుకుంటుంటే వీళ్ళు తలొంచుకుని ఫారంలో రేషన్ కార్డు నంబరు నింపుతుంటారు. ఆ దూరం ఇంగ్లీషు పీడీఎఫ్‌తో పూడదు. అందుకని నా పాఠాలు నేనే చేసుకుంటూ వచ్చాను. స్లయిడ్లు ఓ నలభై సెట్లు, లాక్‌డౌన్‌లో తీసిన మూడు వీడియోలు, తెలుగులో 14 కేస్ స్టడీలు.

పోయిన జూన్‌లో ఇక్కడా విజయనగరంలోనూ ఇదే సబ్జెక్టు చెప్పే ఐదుగురం ఒక మాట అనుకున్నాం. జెనోగ్రామ్ (కుటుంబంలో తరాలనీ బంధాలనీ గుర్తులతో గీసే పటం) గురించి ఐదు కాలేజీల్లో ఐదుగురం రాత్రి పదకొండింటికి కూర్చుని అవే స్లయిడ్లు మళ్ళీ మళ్ళీ చేసుకోవడం ఏం ఖర్మ? ఒకరు చేసింది అందరం వాడుకుందాం అని డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టాం. మొదటి వారం ఉత్సాహం చూడాలి! రెండు వందల ఫైళ్ళు వచ్చి పడ్డాయి.

మూడు నెలలకి ఇదీ పరిస్థితి. ఒక మాస్టారు ప్రేమగా ఇచ్చిన నోట్స్ నా కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు కామాలు, డాలర్ గుర్తులు. ఇంకొకరి వీడియో గంటా పది నిమిషాలు. అందులో నాకు కావలసింది నాలుగు నిమిషాలు, అది ఎక్కడుందో వెతకడానికి గంటా పది నిమిషాలు. ఒకావిడ కాలేజీ మారారు, పాత కాలేజీ మెయిల్ తీసేశారు, ఆవిడ పెట్టిన అరవై ఫైళ్ళు దాంతోపాటే పోయాయి. ఇవన్నీ చిరాకులే గానీ తట్టుకోవచ్చు.

తట్టుకోలేనిది నాది. నా కేస్ స్టడీ ఒకటి మా గుంపులో ఒకావిడ తన క్లాసులో స్క్రీన్ మీద వేశారు. పేరు మార్చాను, ఊరు మార్చాను, పైన "గోప్యత కోసం వివరాలు మార్చడమైనది" అని కూడా రాశాను. మూడో స్లయిడ్ దగ్గర వెనక బెంచీలో అమ్మాయి లేచి నిలబడిందట. "మేడమ్, ఈవిడ మా పిన్ని." క్లాసంతా నవ్వారట, జోక్ అనుకుని. అమ్మాయి నవ్వలేదు.

ఆ కేసులో పిన్నిగారు నాకు మాత్రమే చెప్పిన విషయం ఒకటుంది. అదేమిటో ఇక్కడ రాయను, రాస్తే చేసిన తప్పే మళ్ళీ చేసినట్టు. ఆ అమ్మాయి ఆదివారం ఇంటికెళ్ళి అమాయకంగా అడిగేసింది. ఇంట్లో గొడవ. నేను తెలిసిన మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. ఆవిడ కేకలేయలేదు, తిట్టలేదు. ఒక్క మాట అంది: "నీకు చెప్పేను గానీ ఊరికి చెప్పేనేటమ్మా?"

తిరిగొచ్చాక 14 కేస్ స్టడీలూ ఫోల్డర్‌లోంచి తీసేశాను. కానీ అప్పటికే ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో లెక్కలేదు.

ఇప్పుడు నా సందేహాలు. అసలు కేస్ స్టడీలు పంచుకోవచ్చా, పంచుకుంటే ఎలా రాయాలి? ఫైలు ఎంత ఉంటే ఇంకొకరికి పనికొస్తుంది? ఎక్కడ పెడితే మనం ఉద్యోగం మానేసినా ఉంటుంది? పంచుకోవడమే మానేయమని మాత్రం చెప్పకండి. మా ఇంట్లో ఆ సలహా ఆల్రెడీ ఇచ్చారు.


మూడు లాంతర్లు, విజయనగరం

అమ్మా, ముందు ఒక మాట. బస్సెక్కి ఆ ఇంటికి వెళ్ళావు చూడు, అది చాలామంది చెయ్యరు. నేనూ ఒకసారి వెళ్ళవలసి ఉండి వెళ్ళలేదు. ఇరవై ఏళ్ళు దాటింది, ఇంకా గుర్తొస్తుంది. సరే.

నేను ఫీల్డ్‌వర్క్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. ఈ పంచుకోవడం కొత్తదేమీ కాదు. మా రోజుల్లో ప్రాసెస్ రికార్డింగ్ (ఇంటికెళ్ళినప్పుడు ఎవరేమన్నారో మాటకి మాట రాసుకునేది) నమూనా ఒకటి బాగా కుదిరితే స్టెన్సిల్ కట్ చేసి, సైక్లోస్టైల్ తీసి, ఆర్టీసీ కండక్టర్ చేతిలో కట్ట పెట్టి విశాఖకి పంపేవాళ్ళం. మహా అయితే ముప్ఫై కాపీలు. తప్పు జరిగినా ముప్ఫై కాపీల తప్పే. మీ ఫోల్డర్‌కి ఆ హద్దు లేదు, తేడా అక్కడే వచ్చింది.

పేరు మార్చితే మనిషి దాగడమ్మా. మన ఊళ్ళలో మనిషిని పేరుతో గుర్తుపడతారా? ఫలానా వాళ్ళ రెండో కోడలు, చెన్నైలో కొడుకున్నాయన, గేటు దగ్గర కొట్టు పెట్టుకున్నావిడ. ఇలా కదా గుర్తుపట్టేది. నువ్వు పేరు తీసేసి ఇవన్నీ ఉంచితే, తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు. నేను పిల్లలకి ఒక పరీక్ష పెట్టేవాణ్ణి. "నువ్వు రాసిన కేసు చదువుతుంటే ఆ మనిషే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది అనుకో. తనని తాను గుర్తుపడుతుందా?" గుర్తుపడుతుంది అంటే కాగితం చింపి మళ్ళీ రాయాల్సిందే.

దీనికి చట్టం కూడా ఉంది. పిల్లల కేసుల్లో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ పేరు, చిరునామా, బడి మాత్రమే కాదు, పిల్లని గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరమూ బయట పెట్టకూడదంటుంది. లైంగిక నేరాల బాధితుల విషయంలో ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. హెచ్‌ఐవీకి 2017లో విడిగా చట్టమే వచ్చింది. ఇవి తెలియక కాదు, "క్లాసు కోసమే కదా" అనుకుని జారిపోతాం.

సంతకం తీసుకుంటే సరిపోతుందంటారేమో. మందు చీటీ చేతిలో పెట్టుకుని నిలబడ్డ మనిషి నువ్వేం చూపించినా సంతకం పెడుతుంది. వద్దంటే రేపటి నుంచి నువ్వు రావేమోనని భయం. దాన్ని ఒప్పుకోలు అనకూడదు.

నేను చేసేది చెప్తాను. కనీసం మూడిళ్ళ సంగతులు కలిపి నాలుగో ఇల్లు కట్టాలి. ఒక ఇంటి డబ్బు కష్టం, ఇంకో ఇంటి అత్తాకోడళ్ళ మౌనం, మూడో ఇంటి కుర్రాడి చదువు. నాలుగో ఇల్లు ఎక్కడా ఉండదు, కానీ అందులో అబద్ధమూ ఉండదు. పైన "కల్పితం" అని స్పష్టంగా రాయి. "వివరాలు మార్చడమైనది" అంటే లోపల నిజం మనిషి ఉందని నువ్వే చాటింపు వేసినట్టు.

ఇంకో విషయం, జెనోగ్రామ్ అన్నావు కాబట్టి. ఇంగ్లీషు పుస్తకాల్లో మూడు తరాలు మూడు అంతస్తుల మేడలా చక్కగా ఉంటాయి. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా, పోయినవాళ్ళ మీద కొట్టివేత. మన పిల్ల ఒకతె తన ఇంటిదే గీసుకొచ్చింది. వాళ్ళమ్మని చేసుకున్నది అమ్మమ్మ తమ్ముడే. అంటే ఆ చతురస్రం పై అంతస్తులో ఉండాలా, కింద అంతస్తులోనా? దగ్గరి బంధువుల పెళ్ళికి జంట గీత గీస్తారని పుస్తకం చెప్తుంది, కానీ ఆ జంట గీత అంతస్తు దిగి రావడం ఆ పుస్తకంలో బొమ్మగా లేదు. ఆ పిల్ల రెండు చార్టులు పాడుచేసి మూడోదాంట్లో మెట్లు గీసింది! మేనరికం జెనోగ్రామ్ ఎలా గీయాలో నాలుగు నమూనాలు తెలుగులో చేసి పెట్టండి. అందులో ఎవరి రహస్యమూ లేదు, ఐదు కాలేజీలకీ రేపే పనికొస్తుంది. మనం పంచుకోవలసిన సరుకులో ముందుగా ఇలాంటివి ఉండాలని నా ఉద్దేశం.


యూనికోడ్ సూరి, రాజాం

పగలు డీటీపీ షాపు, రాత్రి తెలుగు వికీపీడియా. సోషల్ వర్క్ ఏబీసీడీలు రావు గానీ కామాలు, డాలర్ల జబ్బుకి డాక్టర్ని నేనే.

ఆ మాస్టారి ఫైలు పాడవలేదండి. పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టించారు. ఆ ఫాంట్లలో లోపల ఉన్నది ఇంగ్లీషు గుర్తులే, పైన తెలుగు తొడుగు. తొడుగు లేని కంప్యూటర్‌లో గుర్తులే కనిపిస్తాయి. వెతకడానికి కుదరదు, ఫోన్‌లో తెరుచుకోదు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ నోరు మెదపదు. చూపు లేని విద్యార్థి ఒక్కడున్నా ఆ నోట్స్ వాడికి లేనట్టే. యూనికోడ్‌కి (ఏ కంప్యూటర్లో అయినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతికి) మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు మాత్రం కళ్ళతో సరిచూడాలి. ఫాంట్ కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా గిడుగు, గురజాడ ఉన్నాయి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండి ఇంకో ఫాంట్ వాడితే మీ ఇష్టం :)

రెండోది, పీడీఎఫ్ ఒక్కటే ఇవ్వకండి. పీడీఎఫ్ అంటే వండిన అన్నం, బియ్యం కూడా ఇవ్వాలి. స్లయిడ్ల అసలు ఫైలు, ఆడియో అయితే దాని స్క్రిప్టు. అవతలివాళ్ళు మార్చుకోలేకపోతే అది పంచుకోవడం కాదు, చూపించడం. వీడియో వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, వీడియోగా పంపితే కుదించేస్తుంది. ఫైలు పేర్లు "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ మేడమ్ చెప్పినది" అని పెట్టకండి బాబూ. అంశం, ఎవరికి, ఎన్ని నిమిషాలు, ఎన్నో వెర్షన్. ఈ నాలుగూ పేరులోనే ఉండాలి.

లైసెన్స్ గురించి. క్లాసులో చూపించడం వేరు, నెట్‌లో పెట్టడం వేరు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పాఠం చెప్పే సందర్భంలో కాపీలు తీసుకోవడానికి వెసులుబాటు ఇస్తుంది. ఢిల్లీ యూనివర్సిటీ ఫోటోకాపీ కేసులో 2016లో హైకోర్టు దాన్నే సమర్థించింది. అదే పుస్తకం పేజీలు స్కాన్ చేసి నెట్‌లో అందరికీ పెడితే ఆ కవచం ఉంటుందనుకోకండి. ఈజ్ఞానకోశ్‌లో కూడా విడిగా ఏమీ రాయకపోతే హక్కులన్నీ వాళ్ళవేనని కిందే ఉంటుంది. లింక్ ఇవ్వండి, కాపీ పెట్టకండి.

మీరు సొంతంగా చేసినవాటికి క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్స్ పెట్టండి, మన పనిని ఇతరులు ఏ షరతుల మీద వాడుకోవచ్చో ముందే చెప్పే అనుమతి అది. మొత్తం ఆరు రకాలు. "నో డెరివేటివ్స్" (మార్చకూడదు) అని ఉన్నది పెట్టారంటే మీ పాఠాన్ని ఒడియాలోకి మార్చి పంచుకోవడానికి కూడా కుదరదు, ఎందుకంటే అనువాదం కూడా మార్పు కిందే లెక్క. పేరు చెప్పి వాడుకోండి, మార్చితే అదే షరతు మీద మళ్ళీ పంచండి అనేది సీసీ బై-ఎస్ఏ. వికీపీడియాలో మేం రాసేదంతా దాని మీదే నడుస్తోంది. ఒకటి మాత్రం చూసుకోండి: ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని అని 17వ సెక్షన్ అంటుంది. గెస్ట్ ఫ్యాకల్టీ సంగతి మీ ఆర్డర్ కాగితంలో ఏం రాశారో దాన్ని బట్టి. ప్రిన్సిపాల్ గారి దగ్గర రెండు లైన్ల అనుమతి రాయించుకుంటే గొడవే లేదు.

పైన మాస్టారు ఒప్పుకోలు గురించి చెప్పింది చదివాక నాకొకటి తట్టింది. సీసీ లైసెన్స్ ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోవడం ఉండదు. మీరు ఫైలు తీసేసినా, అప్పటికే తీసుకున్నవాడు ఆ షరతుల మీద వాడుకుంటూ పోవచ్చు. ఆ పిన్నిగారికేమో ఎప్పుడైనా "ఇక వద్దు" అనే హక్కు ఉండాలి. ఈ రెండూ ఒకే ఫైల్లో ఇమడవు. కాబట్టి నిజం మనుషుల సరుకు ఏదీ, వాళ్ళు సంతకం పెట్టినా సరే, ఈ లైసెన్స్ కింద పెట్టకండి.

ఎక్కడ పెట్టాలి? ఒక మనిషి మెయిల్ కింద మాత్రం వద్దు. ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. జెనోడో ఉంది, యూరప్‌లోని సెర్న్ నడుపుతుంది, ఉచితం, ప్రతి ఫైలుకీ మారని చిరునామా ఇస్తుంది, వెర్షన్లు కూడా గుర్తుంచుకుంటుంది. బొమ్మలు, ఆడియో అయితే వికీమీడియా కామన్స్. కాకపోతే "వాణిజ్యానికి వాడకూడదు" అనే షరతు ఉంటే కామన్స్ తీసుకోదు. ఏదైనా రెండు చోట్ల పెట్టండి. బ్రిటన్‌లో మీ సబ్జెక్టుకే సౌతాంప్టన్ యూనివర్సిటీలో స్వాప్ అనే సెంటర్ ఉండేది, పాఠాలు పంచుకోవడానికి స్వాప్‌బాక్స్ అని ఒకటి నడిపారు. అలాంటి సబ్జెక్ట్ సెంటర్లన్నీ 2011లో మూతపడ్డాయి. అంత పెద్ద దేశపు సెంటరే మూతపడగా లేనిది, మీ కాలేజీ మెయిల్ ఒక లెక్కా?


కంచిలి ప్యాసింజర్

ఎమ్మెస్‌డబ్ల్యూ సెకండియర్. ఆ క్లాసులో లేను గానీ ఆ చుట్టుపక్కల ఊరే మాది.

మేడమ్, మాకు గంట వీడియోలు వద్దు. ట్రెయిన్‌లో వింటాం, పలాస దాటితే సిగ్నల్ వస్తుంది పోతుంది. ఐదారు నిమిషాల ఆడియో అయితే ముందే డౌన్‌లోడ్ పెట్టుకుని వింటాం. స్క్రిప్టు కూడా ఇస్తే పరీక్ష ముందు అదే చదువుకుంటాం. స్లయిడ్ల మీద మెరిసే బొమ్మలు అక్కర్లేదు.

ఇంకోటి చెప్తాను, తప్పనుకోకండి. కేస్ స్టడీ అనగానే ఉద్దానం, ఉద్దానం అనగానే కిడ్నీ. మాకు జీడితోటలు ఉన్నాయి, పనస ఉంది, 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లన్నీ పడిపోతే మళ్ళీ మొక్క వేసిన మా నాన్నలాంటి వాళ్ళు ఉన్నారు. గ్రూప్ వర్క్ పాఠానికి తుపాను తర్వాత ఊళ్ళో వాళ్ళంతా కలిసి దారి మీద చెట్లు నరికి తీసింది ఎందుకు పనికిరాదు? క్లాసులో మా మండలం పేరు వచ్చినప్పుడల్లా అందరూ నావైపు జాలిగా చూస్తారు. నేను బాగానే ఉన్నాను మేడమ్.


బొబ్బిలి బండి

నేను కూడా లెక్చరర్నే, ఈ చర్చలో కొంచెం అడ్డం పడతాను.

మాస్టారు చెప్పినట్టు గుర్తులన్నీ చెరిపేసుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుంది? "ఒక గ్రామంలో ఒక మహిళ." అది మళ్ళీ ఆ ఇంగ్లీషు పీడీఎఫ్ లాగే తయారవుతుంది. దాని నుంచి పారిపోయే కదా మేడమ్ సొంతంగా రాసుకున్నది. డేవిడ్ వైలీ అని ఓపెన్ పాఠాల మీద చాలా రాసినాయన ఈ చిక్కు గురించే చెప్తాడు. పాఠంలో సందర్భం ఎంత ఎక్కువుంటే అంత బాగా ఎక్కుతుంది, కానీ అంత తక్కువ చోట్ల పనికొస్తుంది. సందర్భం తీసేస్తే అందరికీ పనికొస్తుంది, ఎవరికీ ఎక్కదు. చిన్న ముక్కలు చెయ్యమంటున్నారు, సరే. ముక్కలు ఎక్కువైతే వాటిని అతికించే పని మళ్ళీ రాత్రి పదకొండింటికి మనదే.

నా వరకు నేను కేసులు పంచుకోను. నా క్లాసులో నోటితో చెప్తాను, అక్కడితో సరి. తప్పా?


మూడు లాంతర్లు, విజయనగరం

తప్పు కాదు బాబూ. కానీ నువ్వు రిటైరయ్యాక ఆ నోటి కేసులు నీతోనే రిటైరవుతాయి. నావి అలాగే అయ్యాయి.


నాగావళి గట్టు, శ్రీకాకుళం

అందరికీ చాలా థాంక్స్. వెంటనే జవాబు రాయలేదు, దసరా సెలవుల్లో కూర్చుని ఒకటి చేసి చూశాకే రాద్దామనుకున్నాను.

కంచిలి బాబూ, నీ మాట రెండు రోజులు నమిలింది నన్ను. నా 14లో 12 ఉద్దానమే, ఆ 12 కిడ్నీయే. అక్కడ నేను చేసిన ఉద్యోగం అదే కాబట్టి నాకు ఆ ప్రాంతం అంతా ఆసుపత్రి వరండాలా కనిపించిందేమో. తిత్లీ తర్వాత చెట్లు తీసిన సంగతి నువ్వే రాసి ఇవ్వు, గ్రూప్ వర్క్‌కి పెడదాం. నీ పేరుతోనే.

ఇక నేను చేసింది. కేసు మొత్తం పక్కన పెట్టి, ఇంటికి వెళ్ళిన మొదటి ఐదు నిమిషాలు మాత్రం తీసుకున్నాను. మాస్టారు చెప్పినట్టు నాలుగో ఇల్లు కట్టాను. అందులో భార్య పుస్తెలతాడు తాకట్టులో ఉంది, మెడలో ఉన్నది రోల్డ్‌గోల్డ్, ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇది పూర్తిగా కల్పితం, పైన అలాగే రాశాను. మా స్టూడెంట్లు ఇద్దరు నటించారు, ఫోన్‌లో రికార్డు చేశాం, 4 నిమిషాల 20 సెకన్లు. అందులో కొంచెం:

"ఆయనకి ఎలా ఉందండీ?"

"ఉంది."

(ఏడు సెకన్లు ఎవరూ మాట్లాడరు.)

"టీ తాగుతారా?"

"వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాను."

ఇక్కడ ఆపేసి క్లాసుని అడగాలి: ఈ అమ్మాయి టీ ఎందుకు వద్దంది? ఆవిడకి ఏమనిపించి ఉంటుంది? మా క్లాసులో 40 నిమిషాలు నడిచింది ఆ టీ మీద. ఒకడు "వాళ్ళకి పాలకి డబ్బుల్లేవు కాబట్టి వద్దనడమే మంచిది" అన్నాడు. వెంటనే ఒకమ్మాయి "మా ఇంటికొచ్చిన వాళ్ళు టీ వద్దంటే మా అమ్మ మూడు రోజులు ఆలోచిస్తుంది, మన కప్పులో తాగరేమో అని" అంది. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అర పేజీ ఎంపతీ రాసే పిల్లలే వీళ్ళు.

బొబ్బిలి గారూ, మీ ప్రశ్నకి నాకు దొరికిన దారి ఇది. ఆడియోలో అడిగే ప్రశ్నలు మారవు. కానీ స్క్రిప్టులో "ఏమిచ్చారు" అన్న చోట ఖాళీ వదిలాను. విజయనగరంలో మా ఫ్రెండ్ టీయే ఉంచారు. సీతంపేట వైపు పిల్లలకి చెప్పే ఆయన చోడి (రాగి) అంబలి పెట్టి మళ్ళీ రికార్డు చేశారు, వాళ్ళ కుర్రాళ్ళ గొంతులతో. నేను ఉద్దానానికి మంచినీళ్ళు పెట్టాను. గ్లాసు చేతిలోకి వస్తుంది, తాగాలా వద్దా? నీళ్ళ వల్లే ఈ జబ్బు అని ఊరంతా అనుకునే చోట, ఆ నీళ్ళే తాగి బతికే ఇంట్లో, గ్లాసు పక్కన పెట్టేస్తే వాళ్ళతో ఏమన్నట్టు? టీ కంటే కష్టమైన ప్రశ్న అది. ఇంటి గుట్టు ఏదీ బయటపడలేదు, ఊరు మాత్రం వచ్చింది.

ప్రతి ఫైలు చివర ఒక చిన్న పేరా పెట్టమన్నాను: "నా క్లాసులో ఇది ఎక్కడ దెబ్బతింది." నాది ఇలా ఉంది: మొదటిసారి ఆడియో మొత్తం ఒకేసారి వినిపించాను, పిల్లలు అమ్మాయి యాస మీద నవ్వుకున్నారు, పాఠం పోయింది. రెండోసారి ఏడు సెకన్ల మౌనం దగ్గరే ఆపాను. ఇంత నిజాయితీగా రాయడానికి మిగతా నలుగురూ కొంచెం ఇబ్బంది పడుతున్నారు. చూద్దాం.

సూరిగారూ, మండలి ఫాంట్ వాడాను, క్షమించండి, చిన్న సైజులో బాగా కనిపిస్తోంది. సీసీ బై-ఎస్ఏ పెట్టాను, ప్రిన్సిపాల్ గారు రెండు లైన్లు రాసిచ్చారు. రెండు చోట్ల అప్‌లోడ్ చేశాం. మేనరికం జెనోగ్రామ్‌లు నాలుగూ అయ్యాయి, మాస్టారు చూసి చెప్పాలి. మెట్ల పద్ధతే వాడాం.


మూడు లాంతర్లు, విజయనగరం

చూశానమ్మా. మూడో నమూనాలో మేనత్త కొడుకుని చేసుకున్నదానికి జంట గీత వెయ్యడం మర్చిపోయారు. మిగతావి బాగున్నాయి. కళ్ళజోడు మార్చుకుని రెండోసారి చూశాకే చెప్తున్నాను.


యూనికోడ్ సూరి, రాజాం

మండలి కూడా మనదే, కేసు కొట్టేశాం. ఆడియో ఫైల్లో వెనక ఫ్యాన్ చప్పుడు వస్తోంది, తర్వాతసారి ఆపి రికార్డు చెయ్యండి.


నాగావళి గట్టు, శ్రీకాకుళం

మాస్టారూ, జంట గీత వేసేశాం. సూరిగారూ, ఫ్యాన్ ఆపితే మా నటీమణి ఒప్పుకోలేదండి, ఉక్కపోత.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న ఆదివారం పిన్నిగారి ఇంటికి మళ్ళీ వెళ్ళాను. ఇక్కడ ఇదంతా రాస్తున్నానని చెప్పి, రాసింది చదివి వినిపించాను. ఊరి పేరు లేదు కదా, ఉండనీ అంది. తర్వాత ఆడియో ఫోన్‌లో పెట్టాను, వేరే ఇంటి కథ అని చెప్పి. బియ్యం చేటలో రాళ్ళు ఏరుకుంటూ మొత్తం వింది. మళ్ళీ ఒకసారి పెట్టమంది.

రెండోసారి అయ్యాక, "ఇలాగుండదు" అంది.

నా గుండె ఆగినంత పనైంది. ఏమైంది పిన్నీ అన్నాను.

"మనిషొస్తే అలా నిలబెట్టి టీ తాగుతారా అంటామేటి? ముందు కుర్చీ లాగుతాం. కొంగుతో తుడిచి, కూకోమంటాం. నీ దాన్లో కుర్చీ ఏదీ?"

మూడో వెర్షన్ నిన్న రాత్రి అప్‌లోడ్ చేశాను. మొదట్లో గచ్చు మీద ప్లాస్టిక్ కుర్చీ లాగిన చప్పుడు ఉంటుంది. పాతది డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళు దయచేసి మార్చుకోండి.